నేను వేసిన పసుపు సూర్యుడు

మొన్న జిల్లా కేంద్రంలో కొత్త టీచర్లకు శిక్షణ పెట్టి, నన్నూ రమ్మన్నారు. "మీ అనుభవం ఒకటి చెప్పండి" అంటూ మైకు చేతికిచ్చారు. "చిన్నపిల్లలతో ఓపికగా ఉండాలి" అని ఒక్క వాక్యం చెప్పి కూర్చున్నాను. ముందు వరుసలో ఉన్న ఒకమ్మాయి, రాసుకుందామని పెన్ను తెరిచి, మళ్ళీ మూత పెట్టేసింది. ఆ అమ్మాయికీ, ఆమె పక్కన కూర్చున్నవాళ్ళకీ ఆరోజు చెప్పాల్సింది ఇది. నోటితో రానివి నాకు రాస్తే వస్తాయి. చిన్నప్పటి నుంచీ అంతే.

నా ఉద్యోగం మొదటి ఏడాది సంగతి. వేములవాడకు అంత దూరం కాని ఒక నేత పట్టణంలో, సర్కారు ప్రాథమిక బడిలో, నాలుగైదేళ్ళ పిల్లల కోసం ఒక తరగతి కొత్తగా తెరిచారు. దానికి నేను తాత్కాలిక టీచర్ని. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. ఇందులో తప్పు చేసింది ఒక్కరే. ఆ ఒక్కరు నేనే.

మాది లక్సెట్టిపేట దగ్గర వ్యవసాయం చేసే ఇల్లు. బాపు, అంటే మా నాన్న, పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఆకాశం చూసేవాడు. మబ్బు పట్టిందా, గాలి ఎటు నుంచి వీస్తోంది, ఇవాళ మందు కొట్టొచ్చా లేదా, ఇవే మా ఇంట్లో పొద్దుటి మాటలు. అందుకని పాఠాల జాబితాలో ‘వాతావరణం’ అని కనబడగానే, ఇదొక్కటీ నాకు ఎవరూ నేర్పనక్కర్లేదనుకున్నాను. మీలో ఎవరికైనా ఏదైనా పాఠం గురించి ఇలా అనిపిస్తే కాస్త జాగ్రత్తగా ఉండండి.

ఆ ఊళ్ళో దిగిన రోజు నన్ను మొదట పలకరించింది చప్పుడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఏ సందులో నడిచినా రెండు వైపులా షెడ్లలో సాంచాలు టకటకమంటూనే ఉంటాయి. మొదటి వారం తలనొప్పితో చచ్చిపోయాను. రెండో నెలకల్లా ఆ చప్పుడు నాకు వినిపించడం మానేసింది. అలవాటు పడ్డానని సంతోషించాను కూడా.

మా బడికి పెద్దసారు ఉండేవాడు. రిటైర్మెంటుకు రెండేళ్ళుంది. బక్కగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో కాగితం వెతుకుతూ ఉండేవాడు. మా తరగతికి ఒక ఆయమ్మ. ఆ వాడ మనిషే. పిల్లల ముక్కులు తుడవడం నుంచి నాకు బుద్ధి చెప్పడం వరకు అన్నీ ఆమె పనులే. తరగతిలో పదిహేను మంది పిల్లలు. సరిగ్గా పదిహేను. ఏడాది చివర తనిఖీలో ఆ లెక్కకు ఒక్కరు తగ్గినా తరగతి ఎత్తేస్తామని మాకు ముందే చెప్పారు. ఎదురు రోడ్డులో ప్రైవేటు బడి ఉంది. దాని పసుపు ఆటో రోజూ మా గేటు ముందు నుంచే హారన్ కొట్టుకుంటూ పోయేది.

నేను పెట్టిన పద్ధతి ఇది. పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలందరం వరండాలోకి పోయి ఆకాశం చూస్తాం. లోపలికొచ్చి చూసింది రంగులతో వేస్తాం. రోజుకొకరి బొమ్మ ఆ నెల పటం మీద ఆ తేదీ గడిలోకి ఎక్కుతుంది. రంగులకు సామగ్రి ఏమీ ఇవ్వలేదు. పసుపు వంటింట్లోది, నలుపు బొగ్గు పొడి, నీలం బట్టలకు పెట్టే నీలిమందు, ఎరుపు గడపలకు పూసే జాజు. వేప పుల్ల చివర గుడ్డ చుడితే కుంచె. కాగితానికి బదులు సాంచాల మీద మిగిలిన కోరా గుడ్డ ముక్కలు ఆయమ్మ తెచ్చింది.

మొదటి రోజు ఆ గుడ్డ మీద పిల్లలు వేసిన సూర్యుళ్ళన్నీ చూస్తుండగానే ఉబ్బి, పాకి, మబ్బులైపోయాయి. నేను బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను.

ఆయమ్మ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "గంజి వెట్టకుంటె గుడ్డ మీద రంగు నిల్వదు బిడ్డా. గింత సదువుకున్నవ్, గదెవ్వలు జెప్పలేదా?"

"లేదు ఆయమ్మా."

"మరేం సదివినవ్!"

మర్నాటి నుంచి గంజి పెట్టి, ఎండబెట్టి, చెంబుతో ఇస్త్రీ చేసిన గుడ్డ ముక్కలు నా బల్ల మీద ఉండేవి. వాటి మీద రంగు కదలకుండా నిలబడేది. మార్చి దాకా తరగతి ఎంత బాగా నడిచిందో నేను రాసుకున్న డైరీ చూస్తే నాకే గర్వంగా ఉంటుంది. వానాకాలంలో ఒక పిల్లవాడు వాన రంగు నీలం కాదని పేచీ పెట్టి, చేతిలోకి వాన నీళ్ళు పట్టి తెచ్చి చూపించాడు. నిజంగానే దానికి రంగు లేదు. ఆ రోజు అందరం ఉత్త నీళ్ళతో వాన వేశాం. చలికాలంలో ఒకమ్మాయి పొగమంచు వేయడానికి, వేసిన బొమ్మ మొత్తాన్ని తడిగుడ్డతో తుడిచేసి "గిప్పుడు సూడు" అంది.

ఆ పదిహేను మందిలో ఒక పాప ఉండేది. నాలుగేళ్ళు నిండాయి. రెండు జడలు, ఎప్పుడూ ఏదో ఒక దారప్పోగు వేలికి చుట్టుకుంటూ ఉండేది. అడిగితే తల ఊపేది, లేదంటే తల అడ్డంగా తిప్పేది. మాట మాత్రం బయటికి రాదు. నేనూ అలాంటిదాన్నే కాబట్టి, ఆమె నాకు అందరికంటే బాగా అర్థమవుతుందనుకున్నాను. సిగ్గరి పిల్లను సిగ్గరి టీచరు ఇట్టే అర్థం చేసుకుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇద్దరూ అడగరు, ఇద్దరూ చెప్పరు. మధ్యలో బోలెడంత ఊహ పెరుగుతుంది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఎండ అప్పటికే మండుతోంది. ఒకరోజు ఆ పాప వంతు వచ్చింది. అందరితో పాటు వరండాలో నిలబడి ఆకాశం చూసింది. లోపలికొచ్చి జాజులో కాస్త బొగ్గు కలిపి, పెద్ద గోధుమరంగు చతురస్రం వేసింది. దాని మీద నిండా నీలం చుక్కలు.

"ఎండ ఏదమ్మా? ఇవాళ ఎండ కదా ఉంది? ఇవి వాన చుక్కలు కదా?" అన్నాను.

పాప నా వైపు చూసింది, బొమ్మ వైపు చూసింది. చూపుడు వేలితో ఆ చతురస్రాన్ని తాకింది. అంతే. చిన్నపిల్ల, తోచింది వేసిందిలే అనుకుని ఆ ముక్కనే గడిలో అంటించాను.

పది రోజులకు, వంతున్న పిల్లవాడు రాకపోవడంతో, మళ్ళీ ఆమెకే వంతు వచ్చింది. ఆ పొద్దున గాలిదుమారం లేచి వరండా అంతా దుమ్ము కొట్టింది. పిల్లలందరూ వంగిన చెట్లు, ఎగిరే కవర్లు వేశారు. ఈ పాప ఒక మనిషిని వేసింది. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. ఆకాశం లేదు, చెట్టు లేదు, దుమ్ము లేదు. "ఎవరమ్మా?" అంటే "బాపు" అంది. ఆ ఏడాది ఆమె నాతో అన్న మొదటి మాట అది. నేను దాన్ని సంతోషంగా డైరీలో రాసుకున్నాను గాని, గాలిని వేయమంటే బాపును ఎందుకు వేసిందని అడగలేదు.

ఏప్రిల్ మొదట్లో తనిఖీకి పై ఆఫీసు నుంచి మేడం వస్తున్నారని కబురొచ్చింది. పెద్దసారు పటం ముందు నిలబడి, కళ్ళద్దాలు ఎత్తి, దించి చూశాడు.

"అమ్మా, గిదేంది? గోనె సంచి లెక్కున్నది?"

"ఆ రోజు ఎండ సార్."

"గిదీ?"

"ఆ రోజు గాలి."

ఆయన కళ్ళద్దాలు మడిచి జేబులో పెట్టాడు. "సూడమ్మా, నాకైతే ఫికర్ లేదు. రెండేండ్లల్ల ఇంటికి వోతున్న. కని వచ్చెటామె పటం జూస్తది. ఎండున్ననాడు ఎండ గనవడాలె, గాలున్ననాడు గాలి గనవడాలె. లేకుంటె పిల్లలకేం నేర్పిన్రని అడుగుతది. జర సాఫ్ జెయ్యి." అని అలమార తెరిచి, పోస్టర్ రంగుల డబ్బాలు నాలుగు బల్ల మీద పెట్టాడు. అంతకుముందు అడిగితే లేవన్నవే.

పిల్లలు వెళ్ళిపోయాక ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఆ రెండు గడుల మీద ముందు తెల్లరంగు పూశాను. ఆరాక, ఒకదాని మీద గుండ్రంగా, పుస్తకాల్లో ఉంటుందే అలాంటి పసుపు సూర్యుణ్ణి వేశాను, చుట్టూ కిరణాలతో. రెండోదాని మీద వంగిన చెట్టు. నా చెయ్యి మంచిదే. చూడటానికి బాగున్నాయి. నిజం చెప్పాలంటే ఇంటికి పోయేటప్పుడు తృప్తిగానే ఉంది.

మర్నాడు పొద్దున పాప పటం ముందు ఆగింది. ఏడవలేదు. నా దగ్గరికీ రాలేదు. తన కుంచె తెచ్చి నీళ్ళ డబ్బాలో వేసి, పోయి గోడ పక్కన కూర్చుంది. అందరూ ఆకాశం చూడటానికి లేస్తే లేవలేదు. తర్వాతి రోజు బడికే రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

ఇంతలో తనిఖీ వారం వాయిదా పడిందని చెప్పారు. ఎవరి కోసం ఆ రంగు పూశానో ఆమె రానేలేదు.

"పిల్లకు జ్వరమా ఆయమ్మా?" అన్నాను.

ఆయమ్మ చాప దులుపుతూ తల ఎత్తలేదు. "జ్వరం లేదు, ఏం లేదు. వాళ్ళవ్వ పసుపు ఆటోల ప్రైవేటు బడికి తోలుతనంటున్నది. ఈ బడికి రానని పిల్ల ఒక్కటే మొండి. నువ్వు దాని బొమ్మ మీద రంగు పూసినవట గద?" అక్కడ అవ్వంటే అమ్మ.

"తనిఖీ ఉంది కదా అని..."

"తనిఖీ గినిఖీ నాకు దెల్వది. అది అబద్ధం రాయలే బిడ్డా. నువ్వే రాసినవ్." అప్పుడు తల ఎత్తింది. "గీ ఊరికొచ్చి తొమ్మిది నెల్లాయె. ఒక్కనాడన్న సాంచల కాడికి వొయినవా?"

పోలేదు. రోజూ ఆ షెడ్ల పక్క నుంచే నడిచాను. లోపల మగవాళ్ళు పని చేస్తుంటారని, ఎవరైనా ఏమైనా అడుగుతారని తల వంచుకుని పోయేదాన్ని. గదికి పోయి తలుపేసుకుని పుస్తకం తెరిచేదాన్ని.

"నడువు" అంది ఆయమ్మ.

బడి అయ్యాక ఎర్రటి ఎండలో ఆమె వెనక నడిచాను. రేకుల షెడ్డు. గుమ్మం దగ్గరే వేడి మొహానికి కొట్టింది. లోపల నాలుగు సాంచాలు, ఆ చప్పుడులో పక్క మనిషి మాట కూడా వినపడదు. కళ్ళు కాస్త అలవాటు పడ్డాక మొదట కనబడింది కిటికీలు. ప్రతి కిటికీకి ఒక గోనె పట్టా వేలాడుతోంది. గోధుమరంగు, చతురస్రం. ఒక చిన్న పిల్ల డబ్బాతో నీళ్ళు తెచ్చి, చేత్తో చిలకరిస్తోంది. గోనె మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడి, ఒక్క క్షణం మెరిసి, ఇంకిపోతున్నాయి. నేను తెల్లరంగు పూసి చెరిపేసిన బొమ్మ కళ్ళ ముందు కదులుతోంది.

పాప నన్ను చూసి డబ్బా కింద పెట్టేసి, దారం కండెల బుట్ట వెనక్కి పోయింది.

వాళ్ళ బాపు ఒక సాంచా నుంచి ఇంకో సాంచాకు తిరుగుతున్నాడు. నన్ను చూసి చేత్తోనే ‘ఏమిటి’ అని అడిగాడు. నేను "తప్పు నాది" అన్నాను. వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. కాస్త గట్టిగా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. నా జీవితంలో ఎప్పుడూ అరవలేదు. కళ్ళు మూసుకుని, ఊపిరి పీల్చి, గొంతు చించుకుని అరిచాను, "తప్పు నాది!"

సరిగ్గా అప్పుడే ఏదో పోగు తెగినట్టుంది, ఆయన ఆ సాంచాతో పాటు మిగతా మూడూ ఆపాడు. అవి ఆగడంతో నా అరుపు విని పక్క షెడ్డులో పనిచేసేవాళ్ళు కూడా తొంగి చూశారు.

"ఏం దప్పు మేడం?" అన్నాడు ఆయన బిత్తరపోయి. "మా పిల్లేమన్న జేసిందా?"

"పిల్ల కాదు. నేనే. పాప ఎండను సరిగ్గానే వేసింది. నాకు తెలియక దాని మీద రంగు పూశాను."

గుమ్మం దగ్గర ఎవరో "మేడమే మాఫీ అడుగుతుందిరా" అని నవ్వారు. ఆయన నవ్వలేదు. తెగిన పోగు ముడి వేస్తూనే చెప్పాడు. "ఎండ గొడితె పోగు నిల్వది మేడం. ఎండి పటుక్కున తెగుతది. గోనె తడిపి, నేల తడిపి, జర తేమ జేస్తె నడుస్తది. పొద్దుగాల లేవంగనే అడుగుతది, బాపూ ఇయ్యాల గోనె తడుపాల్నా అని. దాని ఎండంటె గంతే."

"మరి గాలి రోజు మిమ్మల్ని వేసింది. చేతులు ఇలా..."

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. "దుమారం లేస్తె లైన్ బంద్ జేస్తరు. సాంచాలన్ని బంద్. ఇగ మేం బయటికొచ్చి గట్లనే నిలవడుతం. చేతులకేం పనుంటది?"

బుట్ట వెనక రెండు జడలు కనబడుతున్నాయి. నేను అక్కడికి పోయి నేల మీద కూర్చున్నాను. నేల తడిగా ఉంది. "నాకు తెలియలేదమ్మా. నువ్వు వేసింది ఎండే. నాకు చూడటం రాలేదు" అన్నాను. పాప వేలికి చుట్టుకున్న పోగు విప్పి, మళ్ళీ చుట్టుకుంది. ఇలాంటప్పుడు పిల్లలు నవ్వి మెడకు చుట్టుకుంటారని మనం చదువుతాం. అలా ఏమీ జరగలేదు.

"తనిఖీ అయ్యేదాంక తోలుత మేడం, మీరు ఇంత దూరం వచ్చిన్రు" అన్నాడు బాపు నేను లేస్తుంటే. "తర్వాతది సూద్దాం. వాళ్ళవ్వ గట్టిగున్నది. ఆడ ఇంగ్లీషొస్తది, మంచి మంచి బొమ్మలున్నయ్ అంటది."

మర్నాడు పాప వచ్చింది. గోడ పక్కనే కూర్చుంది. కుంచె ముట్టలేదు.

నేను పిల్లలందరికీ నిజం చెప్పాను. ఈ సూర్యుడు నేను వేసింది, దీని కింద మీ నేస్తం వేసిన ఎండ ఉంది, నాది తప్పు అని. "గట్ల రుద్దుతె వోతదా మేడం?" అని ఒకడు గోటితో గీకబోయాడు. పోదు. అందుకే ఆ గడులు అలాగే ఉంచి, పటం పక్కన కొత్త గుడ్డ కట్టాను. బారెడు పొడుగు, గంజి పెట్టింది. "మీ ఇంట్లో ఎండ వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? వాన వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? అది వేయండి" అన్నాను.

ఆ వారం రోజులు నేను పాఠం చెప్పలేదు, విన్నాను. బీడీలు చేసే ఇంటి పిల్లవాడికి ఎండంటే పెళుసెక్కి విరిగే తునికాకు, ముసురంటే బూజు పట్టకుండా చాట నిండా ఆరబోసిన ఆకు. బజ్జీల బండి వాళ్ళ పాపకు వానంటే బండి చుట్టూ మూగే జనం. ఒకడు గుడ్డ మీద తన వంతు చోటును నిలువుగా గీత గీసి రెండు చేశాడు. ఒక వైపు మా ఊరి ఎండ, ఇంకో వైపు అంతా జాజు రంగు. "గిది మా బాపు కాడ. దుబాయిల ఇసుక వాన. ఫోన్ల జూపిచ్చిండు" అన్నాడు. గుడ్డ నిండిపోతోంది. మధ్యలో ఒక జానెడు చోటు ఖాళీగా వదిలాను. ఎవరి కోసమో పిల్లలకు చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, దాని జోలికీ పోలేదు.

తనిఖీ రోజు వచ్చింది. మేడం పొద్దున వస్తారన్నారు, పన్నెండు దాటింది. పిల్లలు ఆకలికి నీరసపడ్డారు. వడగాలికి కిటికీలు మూసేశాం. పెద్దసారు గేటుకు, తరగతికి మధ్య తిరుగుతూ చొక్కా అంతా తడిపేసుకున్నాడు. చివరికి జీపు ఆగింది.

మేడం మంచి మనిషే, కానీ తొందరలో ఉంది. తలలు లెక్కపెట్టింది. పదిహేను. పెద్దసారు ఊపిరి వదలడం నాకు వినిపించింది. తర్వాత ఆమె పటం దగ్గరికి పోయింది. గడి గడీ చూసుకుంటూ పోయి, నా పసుపు సూర్యుడి దగ్గర ఆగింది.

"చాలా బాగుందే! ఇదెవరు వేశారు? ఏ పాప?" అంది పిల్లల వైపు తిరిగి.

పిల్లలు అందరూ నన్నే చూస్తున్నారు. గోడ పక్క నుంచి ఆ పాప కూడా. పెద్దసారు నా వైపు చూసి కనుబొమలతోనే ‘ఏదో ఒకటి చెప్పు’ అన్నాడు. ఏదో ఒక పాప పేరు చెప్తే అయిపోయేది.

"నేను వేశాను మేడం," అన్నాను. "పిల్లలది కాదు. ఒక పాప వేసిన బొమ్మ మీద రంగు పూసి, మీరొస్తున్నారని నేనే వేశాను. దీని కిందున్నదే అసలు బొమ్మ. అది దీనికంటే బాగుండేది."

పెద్దసారు ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాడు. మేడం చేతిలో పెన్ను ఆగింది. "మీరేం మాట్లాడుతున్నారో మీకు తెలుస్తోందా?" అంది.

ఆమె ఆ మాట అనగానే ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయిందని నేనూ అనుకున్నాను, మేడమూ అనుకుంది. పిల్లలు మాత్రం చెవులు రిక్కించారు. ఒక్క క్షణమే. ఆ తర్వాత పిల్లల గొంతులు ఒక్కసారిగా, "దుమారం! దుమారం వస్తుంది!"

మేడం మూసి ఉన్న కిటికీల వైపు చూసింది. "ఎక్కడ? కరెంటు పోయిందంతే."

"కాదు మేడం!" అన్నాడు తునికాకు పిల్లవాడు, ఇంత పెద్దామెకు ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఊకె కరెంటు వోతె ఒక్క మన వాడనే బంద్ అయితది. గిప్పుడు ఊరంత బంద్ అయింది. ఇనుండ్రి!"

విన్నాను. తొమ్మిది నెలల్లో మొదటిసారి ఆ ఊరి నిశ్శబ్దం విన్నాను. దగ్గరి షెడ్లు, దూరపు షెడ్లు, ఎక్కడా ఒక్క సాంచా చప్పుడు లేదు. ఎక్కడో కుక్క మొరగడం వినిపించింది. ఆ తర్వాత, మేడం ఏదో అనబోయేలోగా, కిటికీ తలుపులు ధడేలుమన్నాయి. దుమ్ము పగుళ్ళలోంచి లోపలికి దూసుకొచ్చింది. గాలి ఊరి అంచున లేవగానే లైన్ ఆపేస్తారు, వాడలోకి అది ఆ తర్వాతే వస్తుంది. అక్కడ నాలుగేళ్ళ పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి. తరగతిలో తట్టనిది ఇద్దరికే, మేడానికి, షెడ్డులో ఆ మాట విని కూడా నాకు.

మేడం కుర్చీలో కూర్చుంది. తొందరంతా పోయింది. "ఇంకేమేం తెలుసు మీకు?" అని అడిగింది. చెప్పారు. ఒకరి మీద ఒకరు పడి, గుడ్డ దగ్గరికి లాక్కుపోయి, ఆకులు, బజ్జీలు, దుబాయి, అన్నీ చెప్పారు. పెద్దసారు మెల్లగా నా పక్కకొచ్చి, "నువ్వు నన్ను సంపుతవనుకున్నగదమ్మా" అన్నాడు గొణుగుతూ. ఆయన మొహంలో భయం, నవ్వు రెండూ ఉన్నాయి.

అప్పుడు గుమ్మంలో నలుగురైదుగురు మనుషులు కనబడ్డారు. సాంచాలు ఆగాయి కాబట్టి పిల్లల్ని తీసుకుపోదామని వచ్చిన బాపులు. తలల నిండా దుమ్ము, దూది. అందరి చేతులూ ఊరికే వేలాడుతున్నాయి. వాళ్ళలో పాప వాళ్ళ బాపు ఉన్నాడు. పెద్దసారు ఆయన్ని చూపించి, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "వచ్చే యేడు ఈ పిల్ల ఉంటదో ఉండదో మేడం, ప్రైవేటుకు వోతదట" అనేశాడు. అనకూడదని అన్నాక తెలిసింది ఆయనకు.

"అవునా?" అంది మేడం.

పాప వాళ్ళ బాపు లోపలికి రాలేదు. చెప్పులు విప్పిన చోటే నిలబడి పటాన్ని, గుడ్డను చాలాసేపు చూశాడు. "ఆడ గోడల మీద బొమ్మలు మస్తున్నయ్ మేడం," అన్నాడు. "అన్నీ కొనుక్కొచ్చినయే. ఈడ మా పనున్నది." కాస్త ఆగి, "గీ మేడం మా షెడ్డుకొచ్చి తప్పైందని మొత్తుకున్నది. మాకాడికొచ్చి గట్లన్నోళ్ళు ఎవ్వల్లేరు. పిల్ల ఈడనే ఉంటది. వాళ్ళవ్వతోని నేను మాట్లాడుత."

ఆ తరగతి ఎత్తేయలేదు. ఇప్పటికీ నడుస్తోంది, పక్క గదిలోకి కూడా పెరిగిందని విన్నాను. మేడం ఆ రోజు నన్ను గట్టిగానే మందలించింది, అది న్యాయమే. నివేదికలో ఏం రాసిందో నేను చదవలేదు. కానీ పోయేముందు ఆ పటం విప్పించి చుట్టి జీపులో పెట్టించుకుంది, నా సూర్యుడితో సహా. శిక్షణల్లో చూపిస్తానంది. గుడ్డను మాత్రం మేమివ్వలేదు. ఎందుకంటే అది ఇంకా పూర్తి కాలేదు.

బాపు మాట్లాడుతుండగానే పాప గోడ దగ్గర నుంచి లేచింది. తన కుంచె నీళ్ళ డబ్బాలోంచి తీసి, ఫ్రాకుకు తుడుచుకుని, గుడ్డలో ఖాళీగా ఉన్న ఆ జానెడు చోటు ముందు కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ మనుషుల్ని ఒకసారి చూసి, మొదటి మనిషి తల గీయడం మొదలుపెట్టింది. దగ్గరగా చూడాలని పోయి ఆమె వెనక వంగి నిలబడ్డాను.

పాప తల తిప్పకుండానే, చాలా స్పష్టంగా, తరగతంతా వినేలా అంది:

"మేడం, జర జరుగు. నాకు వెలుగు ఆపుతున్నవ్."

జరిగాను.